ఆర్పకూడని ఆట

సింహాద్రి అప్పన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం చదవగానే కళ్లద్దాలు తీసి ఒకసారి తుడుచుకుంటారని నాకు తెలుసు (అందరికన్నా ముందు మా అక్క). గతంలో నేను చెప్పిన కొన్ని సంగతుల్లో, ముఖ్యంగా యారాడ దగ్గర సొరచేప నా ఎడమకాలి చెప్పు పట్టుకుపోయి మర్నాడు కుడికాలిది కోసం వచ్చిన సంగతిలో, కాస్త మసాలా పడి ఉండవచ్చు. ఇది అలాంటిది కాదు. పైగా ఇది మా బావకు సంబంధించినది, ఆయన ఇంకా బతికే ఉన్నాడు, పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. కాబట్టి అబద్ధం ఆడే సౌకర్యం నాకు లేదు.

ఆ రోజుల్లో కూర్మన్నపాలెంలో టైమెంతయిందని ఎవరూ అడిగేవారు కాదు, ఏ షిఫ్టు నడుస్తోందని అడిగేవారు. స్టీల్ ప్లాంటు బస్సులు వచ్చే వేళకు పాలు కాగేవి, వెళ్లే వేళకు అన్నం ఉడికేది. ఎవరి పెళ్లి ముహూర్తమైనా బ్రాహ్మడితో పాటు షిఫ్టు ఇన్‌చార్జి కూడా ఒప్పుకోవాల్సిందే. నేను అప్పుడు ప్లాంటులో ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌ని. అంటే పెద్దవాళ్లు పని చేస్తుంటే టెస్టర్ పట్టుకుని పక్కన గంభీరంగా నిలబడేవాణ్ణి. మా అక్క వాళ్ల ముందుగదిలో నా మంచం, ఆ మంచానికి ఎదురుగా టీవీ, ఆ టీవీ పైన అక్క అల్లిన గుడ్డ. బావ బ్లాస్ట్ ఫర్నేస్‌లో పని చేసేవాడు. కరిగిన ఇనుము ఏరులా పారుతుంటే దాని పక్కన నిలబడి ఏ జంకూ లేకుండా బీడీ గురించి ఆలోచించగల మనిషి (అక్కడ కాల్చనివ్వరు, అందుకని ఆలోచనతో సరిపెట్టుకునేవాడు).

అలాంటి మనిషి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఫర్నేస్ దగ్గర కాదు, మా ఇంటి గుమ్మంలో. తెల్లారి అక్క కళ్లాపి చల్లింది, బావ ఎ షిఫ్టుకి బయలుదేరాడు, కాలు జారింది. అంతే. విరగడం పెద్ద విషయం కాదు, విరిగిన చోటు పెద్ద విషయమైంది. చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి మెట్ల మీంచే, ‘ఏటి బావా, ఫర్నేస్ కాడేనా?’ అని ఎంతో గౌరవంగా అడిగాడు. లోపల్నించి అక్క, ‘కాదన్నయ్యా, గుమ్మంలో’ అంది. వచ్చినాయన నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు, ఆ కష్టం బావ చూశాడు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా నిద్రపోతున్నట్టు గోడవైపు తిరిగేవాడు. కట్టు విప్పి, చేతికర్ర ఇచ్చి, ‘రోజూ కాస్త బయట తిరగండి’ అని డాక్టర్ చెప్పాక కూడా మంచం దిగింది లేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. అక్క వంటింట్లో నాతో గుసగుసగా, ‘కాలు అతుక్కుందిరా తమ్ముడూ. మనిసే అతుకుతల్లేదు’ అనేది. దానికి నా దగ్గర టెస్టర్ తప్ప ఏమీ లేదు.

మా పక్కవాటాలో క్రేన్ బాబాయ్ ఉండేవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపేవాడు. అక్క ఆయన్ని బాబాయ్ అని పిలిచింది కాబట్టి బావ ఆయనకు అల్లుడు, కాదన్నా వినేవాడు కాదు. ఒకరోజు ఆయన గుడ్డలో చుట్టిన పెట్టె ఒకటి తెచ్చి మంచం మీద పెట్టాడు.

‘ఓడలో కుర్రోడండీ అల్లుడు గారూ. మీ అత్తయ్య పెట్టిన ఆవకాయ ఓసారి నాలిక్కి రాసుకున్నాడండి. అంతే, జాడీతో సహా ఎత్తుకుపోయి ఈ పెట్టె నా చేతిలో పెట్టాడండి. టీవీకి తగిలిస్తే బొమ్మలాడతాయంట.’

బావ గోడవైపు నుంచే, ‘నానేటి సిన్నపిల్లోడినా?’ అన్నాడు. పెట్టెను నేనే టీవీకి కలిపాను. పెట్టె నెత్తిన ఒక క్యాసెట్ దూర్చాలి (కార్ట్రిడ్జ్ అనాలని ఇప్పటి పిల్లలు సరిచేస్తారు, మా దృష్టిలో దూర్చేదంతా క్యాసెట్టే). స్విచ్ వేస్తే చిన్న ఎర్ర లైటు వెలిగింది, టీవీ నిండా నీలం సముద్రం పరుచుకుంది. అందులో ఒక పడవ, పడవలో చేతిలో లాంతరు పట్టుకున్న పిల్లవాడు. అక్కడక్కడ దీవులు, దీవుల మీద ఆరిపోయిన లైట్‌హౌసులు. అక్షరాలు ఏ భాషవో మాకు తెలియదు. అప్పటిదాకా మేము గాజువాక వీడియో గేమ్ పార్లర్లో చూసిన ఆటలన్నీ ఒకటే తీరు, కుడివైపు పరిగెత్తు, గెంతు, చావు. ఇది అలా కాదు. పిల్లవాడు పడవలో నిలబడి ఊరుకున్నాడు. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. నేను కుడివైపు పరిగెత్తించాను, నీళ్లలో పడి చచ్చాడు.

కాసేపటికి వెనకనుంచి, ‘అటెందుకెల్తన్నావు? ఎడంపక్క మన డాల్ఫిన్ నోస్ లాగ కొండుంది, ఆడికి తోలు’ అని వినబడింది. బావ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఆ సాయంత్రానికల్లా ఆట సంగతి అర్థమైంది. ఒక దీవిలో నిప్పు ఉంది. దాన్ని లాంతరులో పట్టుకెళ్లి ఒక్కొక్క లైట్‌హౌస్‌నూ వెలిగించాలి. దారిలో నూనె అయిపోకూడదు. మధ్యలో ఒక గుహలో ముసలాయన ఉంటాడు, కనిపిస్తే చాలు పేజీలకు పేజీలు మాట్లాడతాడు. ‘ఏటంటన్నాడు బావా?’ అని అడిగితే బావ, ‘మన ఫోర్మనే ఈడు. ఏటి సెప్పాడో ఎవులికీ తెలీదు. పని మాత్రం అవ్వాల’ అన్నాడు. మూడు దీపాలు వెలిగించి, అందరిలాగే పడుకునేముందు స్విచ్ కట్టేశాం. పొద్దున్న వేస్తే మూడూ ఆరిపోయి ఉన్నాయి. పిల్లవాడు మొదటి చోటనే పడవలో నిలబడి ఉన్నాడు, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు. ఆ క్యాసెట్ లోపల బిళ్లంత సెల్లు ఉంటుందనీ, ఆట ఎక్కడ ఆపామో అది గుర్తుపెట్టుకుంటుందనీ, మా దాంట్లో అది ఎప్పుడో చచ్చిపోయిందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బావకు మాత్రం వేరే సంగతి తోచింది.

‘ఒరే, ఫర్నేస్ ఆర్పితే ఏటవుద్ది?’

‘లోపల ఇనుము గడ్డకట్టేస్తుంది బావా.’

‘మరి దీన్నెందుకార్పినాం? పండక్కి ఆర్పుతామేటి ఫర్నేస్‌ని? పెళ్లికి ఆర్పుతామా? మనం మారతాం, అది మారదు. రేపట్నుంచి షిఫ్టులు.’

పడిన తర్వాత బావ అంత పొడుగు మాట్లాడడం అదే మొదలు. వంటింట్లో అట్ల చప్పుడు ఆగిపోయింది, అక్క వింటోందని నాకు తెలిసింది.

అలా మొదలైంది. ప్రపంచంలో ఈ ఆట ఎందరో ఆడారు, కానీ ఉక్కు కర్మాగారం పద్ధతిలో ఆడింది మేమే. పొద్దున బావది ఎ షిఫ్టు. మధ్యాహ్నం పోర్టు నుంచి దిగాక క్రేన్ బాబాయ్‌ది బి షిఫ్టు. ఆ తర్వాత నాది. రాత్రికి పాజ్ నొక్కి టీవీ మాత్రం కట్టేసేవాళ్లం, ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. షిఫ్టు మారేటప్పుడు చార్జి అప్పజెప్పడం తప్పనిసరి. ‘పిల్లోడు ఉత్తరం దీవిలో ఉన్నాడు. నూనె సగం ఉంది. గుహలోకెల్లకు, ఫోర్మన్ పట్టుకుంటాడు’ అని బావ చెబితే అవతలివాడు తిరిగి చెప్పాలి. క్రేన్ బాబాయ్ పిల్లవాణ్ణి బరువు ఎత్తినట్టే కదిలించేవాడు, ఇంచి ముందుకు, ఆగడం, ఊగడం తగ్గేదాకా చూడడం, మళ్లీ ఇంచి. బావ మంచం మీంచి, ‘బాబాయ్ గోరూ, ఆడు కంటైనర్ కాదండీ’ అని మొత్తుకునేవాడు. ‘ఆయ్, పడిపోతేనో అండీ?’ అనేవాడు ఆయన. ఆయన షిఫ్టులో పిల్లవాడు ఒక్కసారీ చావలేదు, ఒక్క దీపమూ వెలగలేదు.

అక్కకు ఈ ఆటంటే చిరాకు. టీవీ మా సొంతమైపోయింది, పెట్టె పక్కనుంచి చీపురు పోనివ్వం. అయినా ఆయుధపూజ నాడు టెస్టర్‌కీ, బావ హెల్మెట్‌కీ పెట్టిన బొట్టు ఆ పెట్టెకు కూడా పెట్టింది. ‘పూజ పూట మిషన్లు ఆపుతారు కదేటి?’ అని అడిగి, బావ మొహం చూసి, ‘సర్లెండి, ఫర్నేస్‌’ అని తనే ఊరుకుంది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చుట్టుపక్కల దీవులన్నీ వెలిగించాం, అయినా మధ్యలో ఉన్న పెద్ద లైట్‌హౌస్ తలుపు తెరుచుకోలేదు. ఎక్కడో ఒక దీవి మాకు దొరకడం లేదు. బావ విసిగి విసిగి మళ్లీ గోడవైపు చూడడం మొదలుపెట్టాడు. ఒకరోజు మేము దీవుల లెక్క చెప్పుకుంటుంటే అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు నిలబడింది. ‘ఒకసారి మొత్తం తిప్పి సూపించు’ అంది. చూపించాను. మర్నాడు పొద్దున గుమ్మంలో ముగ్గు చూసి నేను ఆగిపోయాను. దీవుల్ని చుక్కలుగా పెట్టి మెలికల ముగ్గు వేసింది. ఒక మూల మెలిక గాలిలో తేలుతోంది.

‘ఈడ సుక్క లేదురా. సుక్క లేకుండా మెలిక తిరగదు. ఎవులేసినా ఇక్కడొకటి ఎయ్యాల’ అంది.

అక్క వేలు పెట్టిన చోటికి బావ పడవ తోలాడు. అక్కడ ఉత్త నీళ్లు. ఇంకాస్త ముందుకు తోలితే నీళ్లలోంచి ఇసుక తేలింది, ఇసుక మీద పొట్టి లైట్‌హౌస్ ఒకటి. దీపం వెలగగానే బావ అక్కకేసి ఒకసారి చూసి, ‘టీ ఎట్టు’ అన్నాడు. (ఆ మాటలో ఎంత ఉందో మా కుటుంబంలో పుట్టినవాళ్లకే అర్థమవుతుంది.)

ఇక మిగిలింది పెద్ద తలుపు. ఆ సాయంత్రం లైన్‌మన్ వచ్చి వీధిలో చెప్పి వెళ్లాడు, స్తంభాలు మారుస్తున్నారు, రేపు పొద్దుట్నించీ కరెంటు ఉండదు, ఎప్పుడొస్తుందో తెలియదని. బావ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ఎర్ర లైటునే చూస్తూ, ‘అయిపోనాది’ అన్నాడు. నాకు భయమేసింది తలుపు గురించి కాదు. ఆ లైటు ఆరితే ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగిపోతాడు, ఈసారి పెట్టె తెచ్చే ఓడ ఉండదు.

అప్పుడు నా అప్రెంటిస్ చదువు మొదటిసారి (కొందరు చివరిసారి అంటారు) అక్కరకొచ్చింది. పెట్టె అడాప్టర్ మీద తొమ్మిది వోల్టులని రాసి ఉంది. ఆరు టార్చి సెల్స్ వరసగా పెడితే తొమ్మిది వోల్టులు. సెల్స్‌ని సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, వైర్లు అతికి, కరెంటు ఉండగానే పక్కనుంచి కలిపి, ఊపిరి బిగబట్టి అడాప్టర్ పీకేశాను. టీవీ లేకపోయినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. క్రేన్ బాబాయ్ దండం పెట్టాడు, నాకో పెట్టెకో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు లైటు నీరసించడం మొదలైంది. వీధి చివర కొట్టువాడి దగ్గర సెల్స్ లేవు. క్రేన్ బాబాయ్ గడ్డం గోక్కుని, ‘గాజువాకలో మా తోడల్లుడింట్లో కరెంటుందండీ. టీవీ కూడా ఉందండి. నేనూ అబ్బాయీ పట్టుకెళ్లి తగిలించేసి వస్తామండీ, మీరు పడుకోండి అల్లుడు గారూ’ అన్నాడు.

బావ లేచి కూర్చున్నాడు. ‘ఫర్నేస్‌ని మీ సేతికిచ్చి నాను పడుకుంటానా?’ అన్నాడు. చేతికర్ర అందుకున్నాడు. అక్క వంటింటి గుమ్మంలో ఉంది. ఎన్ని రోజులుగా బతిమాలుతున్నదో ఆ పని తన కళ్లముందే జరుగుతుంటే, చటుక్కున లోపలికి తిరిగిపోయి, ‘లుంగీ మార్చుకోండి’ అని మాత్రం అంది.

ఆటోలో బావ మధ్యన, ఒళ్లో పెట్టె, పెట్టె మీద పొద్దున్న అక్క పెట్టిన మందారం. ఒక పక్క క్రేన్ బాబాయ్, రెండో పక్క సెల్స్ పట్టుకుని నేను. డ్రైవరు అద్దంలో చూసి, ‘ఏటది బావా, లైటెలుగుతంది?’ అని అడిగాడు. ‘దీపం. ఆరకుండా తోలు’ అన్నాడు బావ. సరిగ్గా షిఫ్టు మారే వేళ. కూర్మన్నపాలెం జంక్షన్లో ప్లాంటు బస్సులు దిగి జనం టీకొట్ల దగ్గర మూగి ఉన్నారు. బావ కండువా మొహం మీదికి లాక్కున్నాడు. జంక్షన్లో స్పీడు బ్రేకరు ఒకటి ఉంది, ఎవరి కోసం కట్టారో గానీ కార్లన్నీ దాన్ని ఎక్కేవి, ఆటోలు దాని మీంచి ఎగిరేవి. మాది ఎగిరింది. నా చేతిలో సెల్స్ ఒకదాన్నొకటి వదిలేశాయి. ఎర్ర లైటు ఆరిపోయింది.

మళ్లీ వెలిగింది.

వెలిగిందంటే వెలిగింది, అప్పన్న సాక్షి. గాజువాకలో తోడల్లుడి టీవీకి తగిలిస్తే పిల్లవాడు తలుపు ముందే నిలబడి ఉన్నాడు. బావ పెద్ద తలుపు తెరిచాడు, మెట్లెక్కాడు, లాంతరు ఎత్తాడు. దీపం వెలగగానే సముద్రం మొత్తం బంగారం కరిగి పోసినట్టు మెరిసింది, గుహలోంచి ఫోర్మన్ బయటికి వచ్చి మొదటిసారి ఒకే ఒక్క మాట అన్నాడు. క్రేన్ బాబాయ్ ఏడ్చాడు. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో, సెకండ్ షోకి టైముంటే టీకొట్టు దగ్గర, నేను చెబుతూ వచ్చిన ముగింపు ఇదే.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం మా మేనల్లుడు, బావ కొడుకు. రుషికొండలో ఆటలు తయారుచేసే ఆఫీసులో పని చేస్తాడు. మా లాంతరు పిల్లోడి ఆటను పాత బొమ్మలు పాతగానే ఉంచి ఈమధ్య మళ్లీ విడుదల చేశారట. ‘మామయ్యా, ఎటెల్లాలో చెప్పకుండా ఆడేవాణ్ణి సముద్రంలో వదిలేసే ఆటలన్నిటికీ అదే తాత. అది ఆడి పెరిగిన పిల్లలే ఇప్పుడు మాకు గురువులు. మీరు ఆడారంటే మావాళ్లు నమ్మట్లేదు, రాసివ్వు’ అన్నాడు. వెతికి చూశాడట, వాళ్లమ్మ ముగ్గులో చుక్క పెట్టిన దీవి నిజంగా అక్కడే ఉంది. ఆఫీసులో గోడకు సముద్రం పటం బదులు ఆ ముగ్గే వేసుకున్నారు. అంతవరకు చెప్పి నాకేసి చూసి, ‘మరి చివర్లో ఫోర్మన్ బయటికి రాడే మామయ్యా’ అన్నాడు.

కాబట్టి ఒప్పుకోవలసి వస్తోంది. ఆరిపోవడం వరకూ నిజం. మళ్లీ వెలగడం నాది.

జంక్షన్లో లైటు ఆరిపోయింది, నేను సెల్స్ ఎంత నొక్కినా రాలేదు, వచ్చినా పిల్లవాడు మొదటి చోటే నిలబడి ఉండేవాడు. డ్రైవరు ఆటో పక్కకు ఆపాడు. బావ మొహం మీంచి కండువా తీసి ఆ పెట్టెను చూస్తూ కూర్చున్నాడు. ఎ షిఫ్టు దిగిన ఫర్నేస్ వాళ్లు గుర్తుపట్టి ఆటో చుట్టూ మూగారు. ‘బావా, కాలెలాగుంది? ఫర్నేస్ కాడేనా?’ అని ఎవరో అడిగారు. నేను నేలకేసి చూశాను. బావ తలెత్తి, ‘కాదెహె. మా గుమ్మంలో పడ్డాను. మీ సెల్లెమ్మ కళ్లాపి సల్లింది’ అన్నాడు. జంక్షనంతా నవ్వింది. ఆ నవ్వులో ఒక గొంతు నాకు కొత్తగా వినబడింది, తిరిగి చూస్తే అది బావదే. ఎవరో టీ ఇచ్చారు. మాటల్లో పడి గాజువాక మర్చిపోయాం. ఇంటికి వచ్చేటప్పుడు బావ ఆటో ఎక్కలేదు, కర్ర ఊపుకుంటూ వాళ్లతో నడిచాడు. పెట్టె క్రేన్ బాబాయ్ మోశాడు, ఇంచి ఇంచీ చూసుకుంటూ. ఆ పెద్ద తలుపు దాకా మేము మళ్లీ వెళ్లనేలేదు. ఇంత మంచి ముగింపు ఉండగా ఇంకోటి ఎందుకు కట్టానో నాకే తెలియదు. ఆ వయసులో దీపం వెలిగితేనే కథ అనుకునేవాణ్ణి.

మేనల్లుడు ఆ ఆటను వాళ్ల నాన్నకు ఫోన్లో పెట్టిచ్చాడు. ఇప్పుడది దానంతటదే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, ఆర్పినా ఏం కాదు. బావ నమ్మడు. చార్జర్‌కి తగిలించే ఉంచుతాడు, స్నానానికి వెళ్లేటప్పుడు అక్క చేతిలో పెట్టి, ‘నూనె సగముంది’ అని చెప్పి వెళతాడు. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి పిల్లవాడు పెద్ద తలుపు ముందు నిలబడి ఉన్నాడు. చివర ఏముందో చెప్పనా నాన్నా అని మేనల్లుడు నోరు తెరిచాడు.

‘సెప్పకు’ అన్నాడు బావ, ఫోన్ నా చేతికిస్తూ. ‘ఇప్పుడు మీ మామయ్య షిఫ్టు.’